మా అక్షరను ఎత్తుకోవద్దు

మా అక్షర ఉంది. పక్క గదిలో కూర్చుని, టీవీ రిమోట్ నేనెక్కడ దాచానో కనిపెట్టేసి కూడా ఏమీ తెలియనట్టు నటిస్తోంది. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. ఎందుకంటే దవాఖాన వరండాల్లో కూర్చుని ఇలాంటివి చదివే తల్లుల సంగతి నాకు బాగా తెలుసు. మొదలు చదవరు, నేరుగా చివరికి పోతారు. పిల్ల దక్కిందా లేదా, అంతే కావాలి వాళ్లకు. నేనూ ఫోను చార్జింగు అయిపోయేదాకా అదే వెదుక్కున్నాను. కాబట్టి అమ్మా, పిల్ల దక్కింది. కాళ్ల సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అది మాత్రం కాస్త నింపాదిగా చదువు.

మాది శంషాబాద్ పక్కన ఊరు. విమానాలు మా ఇంటి మీదుగానే దిగుతాయి. అవి దాటిపోయేదాకా మాట ఆపి మళ్లీ అందుకోవడం మాకందరికీ అలవాటు. ఉన్న కాస్త భూమిలో నేనూ మా అత్తమ్మా ఆకుకూరలు పండిస్తాం. మా ఆయన పేరు శ్రీశైలం, కాటేదాన్‌లో వెల్డింగ్ షాపులో పనిచేస్తాడు. మాట తక్కువ మనిషి. ఆ లోటు తీర్చడానికే నన్ను కోడలిగా తెచ్చుకున్నానని మా అత్తమ్మ వచ్చినవాళ్లకల్లా చెబుతుంది. మా ఇంటి వెనక గదిలో నా తమ్ముడు నరేష్ ఉంటాడు. వాడికి ఏర్‌పోర్టులో చక్రాల కుర్చీలు తోసే పని. నడవలేని పెద్దవాళ్లను విమానం దగ్గరి నుంచి కారు దాకా తోసుకుపోయి, నవ్వించి, కారెక్కించి వస్తాడు. అక్షర మా ఒక్కగానొక్క పిల్ల. మేనమామ అంటే దానికి ప్రాణం. నాకంటే ఎక్కువ ప్రాణం, అది నా ముఖం మీదే చెబుతుంది.

పోయినేడు, ఆషాఢం

అప్పటికి దానికి ఏడేళ్లు. బోనాలకు కొత్త లంగా కావాలని నా ప్రాణం తోడేస్తున్న రోజులు. అంతకుముందే జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గాయి. ఒకరోజు బడి నుంచి ఒంటి చెప్పుతో వచ్చింది. రెండోది ఏదే అంటే ఎక్కడో జారిపోయిందట.

"కాలికున్న చెప్పు పోతే తెల్వదా? సోయి ఎటు పోయిందే నీకు?" అని అరిచాను.

"నిజంగనే తెల్వలే అమ్మా. కాళ్లు తిమ్మిరి తిమ్మిరి ఉన్నయ్."

మర్నాడు బడి ఆటో ఎక్కడానికి కాలు ఎత్తలేకపోయింది. ఆ రోజు లెక్కల పరీక్ష. పరీక్ష రోజున కడుపునొప్పి తెచ్చుకోవడంలో దీన్ని మించినవాళ్లు ఊళ్లో లేరు, అందుకని అందరం నవ్వి, ఎత్తి ఎక్కించాం. ఆటో అన్న కూడా నవ్వాడు. మధ్యాహ్నం బడి నుంచి ఫోను వచ్చింది. పాప నడుస్తూ నడుస్తూ కూలబడిపోయింది, మళ్లీ లేవడం లేదు, వచ్చి తీసుకుపొండి అన్నారు. ఇది చదివేవాళ్లకు నా మాట ఒకటే. పిల్లలు కాళ్లు తిమ్మిరి అంటే ముందు డాక్టరుకు చూపించండి, తిట్టేది ఉంటే తర్వాత తిట్టండి.

ఊళ్లో మందులిచ్చే ఆయన బలానికని సూది వేశాడు. సాయంత్రానికి మోకాళ్లు కూడా పట్టు తప్పాయి. నరేష్ బండి నడపగా, నేను దాన్ని భుజాన వేసుకుని వెనకాల కూర్చుని, శంషాబాద్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన చిన్న సుత్తితో దాని మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. రెండో మోకాలు కొట్టాడు. అదీ ఎగరలేదు. డాక్టరు మందు చీటీ రాయకుండా ఫోను తీశాడంటే ఏమనుకోవాలి? "పెద్ద దవాఖానకు చెప్పిన. ఇంటికి పోకున్రి, బట్టలకు గూడ పోకున్రి, ఇట్లనే పోండ్రి" అన్నాడాయన.

నగరంలో పిల్లల పెద్ద దవాఖానలో ఆ జబ్బు పేరు చెప్పారు. జీబీఎస్ అట. పేరు ఏదైతే నాకేంటి? ఒక చిన్న డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మన ఒంట్ల రోగాలతోని కొట్లాడే బలగం ఉంటది గదమ్మా, అది దారి తప్పి సొంత నరాల మీద పడ్డది" అని చెప్పింది. మళ్లీ నడుస్తుందా అని అడిగాను. "ముందుగాల ఊపిరి సంగతి చూద్దామమ్మా" అంది. ఆ మాటతో నేను కాళ్ల సంగతే మర్చిపోయాను.

బలహీనత కాళ్ల నుంచి పైకి పాకుతోందని, ఊపిరి దాకా వస్తే మిషను పెట్టాల్సి వస్తుందని అన్నారు. దాన్ని గాజు తలుపు లోపల పెట్టుకున్నారు. ఊపిరి ఎట్లా ఉందో చూడటానికి వాళ్లకొక పద్ధతి ఉంది. పిల్లను ఒక్క ఊపిరిలో అంకెలు చదవమంటారు. రోజురోజుకూ మా అక్షర అంకెలు తగ్గుతూ వచ్చాయి. లెక్కలంటే ఏడ్చే పిల్ల కదా, ఎక్కడో తప్పు చదువుతున్నాననుకుని ఆగిపోయి సిస్టర్ ముఖం వంక భయంగా చూసేది. తలుపు బయట నరేష్ కూడా దానితో పాటు ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెట్టేవాడు. అది ఆగిపోయాక కూడా వాడు చదువుతూనే ఉండేవాడు. నేను వాడి నోరు మూయించలేక అవతలికి పోయేదాన్ని.

ఆ వరండాలో షాద్‌నగర్ నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. ఆమె మనవడు కూడా లోపలే ఉన్నాడు. ఒక పొద్దున ఆమె నన్ను చూసి, "ఏందే బిడ్డా, తల గట్ల పెట్టుకున్నవ్? ఇటు రా" అని తన ముందు కూర్చోబెట్టుకుంది. సంచిలోంచి దువ్వెన తీసి చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఎప్పటి నుంచి దువ్వుకోలేదో నాకే తెలియదు. చిక్కు తీసి, కొబ్బరినూనె రాసి, బిగించి జడ వేసింది. "బిడ్డ కండ్లు తెరిచి సూస్తే అమ్మ అమ్మలెక్క కనబడాలె" అంది. వచ్చిన దగ్గర నుంచి ఏడవని నేను అప్పుడు ఆమె మోకాళ్ల మధ్య తల పెట్టి బావురుమన్నాను. ఆమె పేరు కూడా అడగలేదు. ఎక్కడున్నా ఆ అవ్వ చల్లగా ఉండాలి.

మిషను అవసరం పడలేదు. ఒకరోజు సిస్టర్ తలుపు తీసుకుని బయటికొచ్చి, "ఇయ్యాల నిన్నటికన్న ఎక్కువ చదివిందమ్మా" అంది. నేను ఆమెను వాటేసుకున్నాను. ఆమె కళ్లజోడు కిందపడింది. శ్రీశైలం అది తీసి, తన చొక్కాకు తుడిచి ఇచ్చి, మెట్ల దగ్గరికి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

శ్రావణం, ఇంటికి

పంపించేటప్పుడు పెద్ద డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రాణభయం పోయింది. నరాలు మెల్లగా కోలుకుంటాయి. చాలామంది పిల్లలు మళ్లీ లేచి తిరుగుతారు, కొందరికి కొంత మిగిలిపోతుంది, మీ పాప ఎటువైపు ఉంటుందో ఇప్పుడే చెప్పలేను, వ్యాయామం మాత్రం మానొద్దు. దారి పొడుగునా నా చెవుల్లో ఆ 'కొంత' అన్న మాటే తిరిగింది. కొంత అంటే ఎంత? నా పిల్ల తనంతట తను లేస్తుందా, లేవదా? అప్పటి నుంచి నాకు ఇంకే ఆలోచనా లేదు.

శ్రీశైలం కాటేదాన్‌లో పాత ఇనుప సామానులో ఒక చక్రాల కుర్చీ పట్టుకొచ్చాడు. విరిగింది అతికి, చక్రాలు మార్చి, ఎర్రరంగు వేశాడు. అందులో దిండ్లు పెట్టి అక్షరను కూర్చోబెట్టాం. ఇక నరేష్‌ను పట్టలేకపోయాం. వాడి విద్య అంతా ఇంట్లో అక్కరకొచ్చింది.

"వెల్‌కమ్ మేడమ్. కాళ్లు లోపలికి పెట్టుకోండ్రి. బ్రేక్ తీస్తున్న."

"ఎటు పోతున్నం?"

"బాత్రూం గేటు, మేడమ్."

"నాకు జామచెట్టు గేటు కావాలె."

"గేటు మారింది మేడమ్. అనౌన్స్‌మెంట్ ఇనలేదా?"

అది కిలకిలా నవ్వేది. దవాఖానలో ఆ నవ్వు మళ్లీ వినబడదేమోనని వణికినదాన్ని నేను. వాడి కాళ్లకు మొక్కాలనిపించేది. మనిషిని నొప్పి తెలియకుండా ఎట్లా ఎత్తాలో, మోకాళ్ల కింద ఒక చెయ్యి, వీపు వెనక ఒక చెయ్యి, వాడు అందరికీ నేర్పాడు. అత్తమ్మకు నేర్పాడు, శ్రీశైలానికి నేర్పాడు, పక్కింటి డిగ్రీ పిల్లకు కూడా నేర్పాడు. అక్షర మంచం మీద నుంచి వేలు చూపిస్తే చాలు, ముగ్గురు లేచేవాళ్లు. అత్తమ్మ అయితే, "నా బంగారు తల్లి పాదం మన్నుకు తాకనియ్య" అని ఊరంతా చాటింది.

బుద్వేల్ దగ్గర పిల్లలకు వ్యాయామం చేయించే చోటుకు ఆటోలో తీసుకుపోయేదాన్ని. అక్కడ విజయ మేడం ఉంటారు. గుంటూరు వైపు మనిషి. 'అండీ' లేకుండా మాట ముగించరు, పిల్లల్ని కూడా 'ఏవండీ' అనే పిలుస్తారు. అక్షర కాళ్లకు ప్లాస్టిక్ తొడుగులు చేయించారు. రెండు కడ్డీల మధ్య నిలబెట్టేవారు. అది ఏడ్చేది, తిట్టేది, ఒకసారి ఆమె చెయ్యి కొరికింది కూడా. "కోపం వచ్చిందంటే ఓపిక వచ్చిందన్నమాటండీ" అని ఆమె చెయ్యి కడుక్కుని మళ్లీ మొదలుపెట్టారు.

బతుకమ్మ రోజులు

అక్కడ కడ్డీలు పట్టుకుని నిలబడే పిల్ల ఇంటికి రాగానే వడలిన తోటకూరలా వాలిపోయేది. విజయ మేడానికి ఇది అంతుపట్టలేదు. "ఇంట్లో ఏం జరుగుతుందో ఒకసారి చూడాలండీ" అన్నారు. బతుకమ్మ ఎట్లా ఆడతారో తను దగ్గరగా చూడలేదని కూడా అన్నారు. నేను సంబరంగా పిలిచాను.

ఆమె మధ్యాహ్నమే వచ్చారు. అత్తమ్మ అక్షరకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. శ్రీశైలం ఎత్తుకుపోయి స్నానానికి కూర్చోబెట్టాడు. నేను లంగా తొడిగాను. నరేష్ కుర్చీకి బంతిపూల దండలు చుట్టి, దాన్ని ఎత్తి అందులో కూర్చోబెట్టాడు. వాడలో ఆడవాళ్లంతా బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, మా నరేష్ ఒక్కడే మగవాడు, ఆ వరసలో కుర్చీ తోసుకుంటూ తిరిగాడు. అక్షర కుర్చీలోంచే చప్పట్లు కొట్టింది. చూసినవాళ్లందరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేనమామంటే గిట్ల ఉండాలె అన్నారు. నాకు ఎంత గర్వమనిపించిందో!

విజయ మేడం మాత్రం సత్తుపిండి ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయారు. అందరూ పోయాక నన్నూ నరేష్‌నూ పిలిచారు.

"నేను వచ్చినప్పటి నుంచి పాప పాదం ఒక్కసారైనా నేలకు ఆనిందా అండీ?"

నరేష్ వంగి, కుర్చీ చక్రానికి చుట్టుకున్న బంతిపూలు తీయడం మొదలుపెట్టాడు.

"మీరందరూ ఆమెకి కాళ్లయిపోయారు. ఇంక ఆమె కాళ్లకి పనేముందండీ? నరం దానంతటదే వస్తుంది. కండ వాడితేనే వస్తుంది. పడిపోకుండా పక్కనే ఉండండి. అలిసిపోతే కూర్చోనివ్వండి, బలవంతం వద్దు. చెయ్యి అందివ్వండి. ఎత్తడం మాత్రం ఈ రోజుతో మానెయ్యండి. కుర్చీ బయటికి వెళ్లేటప్పుడే."

అత్తమ్మ తలుపు చాటు నుంచి, "ఆమెకు పిల్లలున్నరో లేరో అడుగు" అంది నాతో.

దీపావళి తర్వాత

ఎత్తుకోవద్దు అని ఇంట్లో చెప్పడం తేలికే. ఏడేళ్ల పిల్ల గోడ పట్టుకుని, మోకాళ్లు వణుకుతుంటే, "మామా, ఎత్తుకో మామా" అని ఏడుస్తుంటే చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. నేను నిలబడ్డాను. నరేష్ నిలబడలేకపోయాడు. నేను చేనుకు పోయినప్పుడల్లా ఎత్తుకుని తిప్పుతున్నాడని నాకు అనుమానం. ఒకరోజు కొత్తిమీర కట్టలు మర్చిపోయి వెనక్కి వస్తే, అక్షర వాడి భుజాల మీద కూర్చుని జామకాయ తెంపుతోంది.

"నీకు చెప్తే అర్థం గాదారా?"

"ఏడుస్తుందక్కా! చూస్కుంట ఎట్ల ఊకుంట?"

"చూడకు. కండ్లు మూసుకో."

"అసలు నువ్వు తల్లివేనా?"

అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. "ప్యాసింజర్లను నీ ఏర్‌పోర్టుల మోసుకో. ఇది నా బిడ్డ. రేపు నువ్వు పెండ్లి చేస్కొని పోతవ్. ముప్పై ఏండ్లొచ్చినా దీన్ని ఎవడు మోస్తడు? చెప్పురా, ఎవడు మోస్తడు? దీని కాళ్లు ఇట్లనే ఉండిపోతే అది నీ చేతులతోని అయినట్టే!"

వాడు పిల్లను మెల్లగా మంచం మీద దించాడు. సంచి సర్దుకుని శంషాబాద్‌లో దోస్తు గదికి పోయాడు. అక్షర దొర్లి దొర్లి ఏడ్చింది. "మామను ఎల్లగొట్టినవ్, నువ్వు చెడ్డదానివి, నేను ఇగ లెవ్వనే లెవ్వ" అని ముఖం గోడవైపు తిప్పుకుంది.

అన్న మాట నిలబెట్టుకుంది కూడా, ఆ మొండితనం నా దగ్గర నుంచే వచ్చింది మరి. వ్యాయామానికి తీసుకుపోతే అక్కడా కాలు కదపలేదు. ఇంట్లో పిరుదుల మీద పాకింది తప్ప గోడ పట్టుకోలేదు. అత్తమ్మ నాతో మాటలు మానేసింది. పక్కింటామె, "గట్టి గుండె నీది రేణుకా" అని మెచ్చుకుంటున్నట్టే తిట్టింది. నేను పొద్దున్నే కొత్తిమీర మడిలో కూర్చుని ఏడ్చేదాన్ని. ఎవరైనా అటు వస్తే కంట్లో పురుగు పడిందని చెప్పేదాన్ని. నేను చేసేది తప్పయితే? పిల్ల కాళ్లూ పోయి, తోడబుట్టినవాడూ పోతే? ఆ భయం నాకు అన్నం మింగుడు పడనివ్వలేదు.

చివరికి శ్రీశైలం నోరు విప్పాడు. డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "నువ్వన్నది కరెక్టే" అన్నాడు. "గానీ వాన్ని పిలువు. వాడు లేకుంటే అది లెవ్వదు. నీకు పిలువ బుద్ధి గాకుంటే నేనే తోల్కొస్త." నా జవాబు కోసం ఆగకుండా బండి తీశాడు.

నరేష్ వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. చిక్కిపోయాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"ముట్టనక్కా. చేతులు ఎనకకే పెట్టుకుంట. జర చూసి పోత."

"తిన్నవారా?" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. నేను పళ్లెం కోసం లేచేలోపలే మంచం మీద నుంచి అక్షర గట్టిగా పిలిచింది.

"మామా, కుర్చీల కూసో."

"ఎవలు, నేనా?"

"నువ్వే. ఎత్తుకోవద్దన్నరు గదా. ఇగ నువ్వు ప్యాసింజర్. నాది డ్యూటీ."

వాడు నా వంక చూశాడు. నేను తల ఊపాను. వాడు దిండ్లు తీసేసి కూర్చున్నాడు. కుర్చీ వీపు మంచం వైపు ఉండేలా వెనక్కి జరుపుకున్నాడు. అక్షర కుర్చీ వెనక పట్టుకునే కొమ్ములు రెండూ బిగించి పట్టుకుంది. వాడి బరువుకు కుర్చీ కదలకుండా నిలిచింది. శ్రీశైలం దాని పక్కన నిలబడ్డాడు, చేతులు చాచి, ముట్టకుండా. అది పళ్లు బిగించింది. ముఖం ఎర్రబడింది. లేచింది. నేను చూస్తుండగానే మా ఇంట్లో, మా నేల మీద లేచి నిలబడింది.

"కాళ్లు లోపలికి పెట్టుకో" అంది వాడితో.

"పెట్టుకున్న మేడమ్."

ఒక అడుగు వేసింది. కుర్చీ కాస్త కదిలింది. ఇంకో అడుగు. నరేష్ ముందుకే చూస్తూ కూర్చున్నాడు, వాడి భుజాలు మాత్రం అదురుతున్నాయి. నేను పళ్లెం సంగతి మర్చిపోయి ఎక్కడిదాన్ని అక్కడే ఉండిపోయాను.

విజయ మేడానికి ఫోను చేసి అడిగాను. కాలి తొడుగులు వేసి, కుర్చీలో బరువైన మనిషిని కూర్చోబెట్టి, వెనక ఒకరుంటే భేషుగ్గా చేయించండి, అలిసిందనగానే ఆపండి అన్నారు. ఇక చలికాలమంతా మా వాకిట్లో అదే పని. నరేష్ డ్యూటీలో ఉంటే అత్తమ్మ ప్యాసింజర్. మొదట్లో సిగ్గుపడింది, తర్వాత పొద్దున్నే మంచి చీర కట్టుకుని ఎండలో కుర్చీ ఎక్కి కూర్చునేది. వాడలో పెద్దవాళ్లందరూ వరసగా తిరిగారు. "సామాన్లు ఒళ్ల పెట్టుకోండ్రి, ఊకె కదలకున్రి" అని అక్షర వాళ్లను కసిరేది. నాతో మాట్లాడటం మొదలుపెట్టిన రోజు కూడా నన్ను కూర్చోబెట్టి కసిరింది, నువ్వు చాలా బరువున్నావని.

ఎండాకాలం

ఎండలు ముదిరేనాటికి కుర్చీ లేకుండా నడిచింది. ఊగుతూ, తూలుతూ, కానీ నడిచింది. కాలి తొడుగులు కూడా తీసేశారు. అత్తమ్మ వాడంతా బెల్లం పంచింది. అందరూ ఇక అయిపోయిందనుకున్నారు.

అయిపోలేదు. నేల మీద కూర్చుంటే తనంతట తాను లేవలేదు. మంచం కోడు పట్టుకోవాలి, లేదా గోడ పట్టుకోవాలి. మైదానంలో కూర్చుందంటే అంతే, మనిషి రావాలి. బడులు తెరిచాక ఇది పెద్ద బాధయింది. పిల్లలంతా వరసగా కింద కూర్చుని అన్నాలు తింటారు, ఇది మెట్టు మీద ఒక్కతే కూర్చునేది. ఒకరోజు ముచ్చటపడి వాళ్లతో కింద కూర్చుందట. గంట కొట్టారు, అందరూ లేచి ఉరికారు. దోస్తు ఒకతె జాలిపడి చంకల కింద చేతులు వేసి లేపబోతే మా పిల్ల దాన్ని గిల్లి ఏడిపించింది. టీచరు నన్ను పిలిపించింది.

"ఇదొక్కటి రావాలండీ" అన్నారు విజయ మేడం. "తుంటి దగ్గర బలం ఇంకా చాలట్లేదు. రావచ్చు. రాకపోనూ వచ్చు. మీకు అబద్ధం చెప్పను." డాక్టరు చెప్పిన ఆ 'కొంత' ఇదేనేమో అనుకున్నాను. ఇంట్లో చాప పరిచి రోజూ చేయించాం. చేతులు నేలకు ఆనించి, నడుము పైకెత్తి, అక్కడికి వచ్చి ఒరిగిపోయేది. కొన్నాళ్లకు చాప చూస్తేనే పారిపోయింది. "నాకు రాదు. నన్ను ఇగ అడగకు" అంది. అడగడం మానేశాను. లోపల మాత్రం మానలేదు.

ఈ శ్రావణం

మొన్న పెద్ద దవాఖానలో చూపించుకోవడానికి పోయాం. నరేష్ డ్యూటీ మార్చుకుని వెంట వచ్చాడు. బయట బెంచీల మీద వరస ఎప్పటిలాగే ఉంది. మాకెదురుగా ఒక జంట. తండ్రి భుజం మీద నాలుగేళ్ల పాప, కాళ్లు బట్టపీలికల్లా వేలాడుతున్నాయి. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. జబ్బు పేరు నేను అడక్కుండానే తెలిసిపోయింది.

ఆమె అక్షర ఫైలు మీద జబ్బు పేరు చూసి నన్ను అడిగింది. "అక్కా, మీ పాపకు గూడ ఇదేనా? మంచిగైందా? మొత్తం మంచిగైందా?"

ఏం చెప్పను? అయిందని చెప్పాలని ఉంది. అబద్ధం చెప్పలేను. "బాగ నడుస్తుంది" అన్నాను.

ఈలోగా తండ్రి ఆ పాపను బెంచీ ముందు దుప్పటి పరిచి కూర్చోబెట్టాడు. అక్షర పోయి దాని ఎదురుగా నేల మీద కూర్చుంది. ఈ నేల మీద పట్టుకోవడానికి దానికి ఏమీ లేదు. బెంచీలు దూరంగా ఉన్నాయి.

"నీ కాళ్లు లేస్తలేవా?" అని అడుగుతోంది అక్షర. "నాయి గూడ లెవ్వలే. మస్తు రోజులు లెవ్వలే."

ఆ పాప దాన్ని కళ్లార్పకుండా చూసింది. అక్షర తన జడ రిబ్బను విప్పి దాని చేతికి కట్టింది. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. అప్పుడే లోపలి నుంచి సిస్టర్ కేకేసింది. "అక్షర! అక్షర ఎవరమ్మా?"

నరేష్ బెంచీ మీద నుంచి లేచాడు. నేను వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. అక్షర మా వంక చూడనే లేదు. ఆ పాపనే చూస్తోంది.

"ఇగో, సూడు" అంది.

రెండు అరచేతులూ నేలకు ఆనించింది. మోకాళ్ల మీదికి వచ్చింది. నడుము పైకెత్తింది. అక్కడే, ఎప్పుడూ ఒరిగిపోయే చోటే, ఊగింది. నరేష్ నా చెయ్యి నలిపేస్తున్నాడు. అది ఒక చెయ్యి తీసి తొడ మీద పెట్టుకుంది. రెండో చెయ్యి తీసింది. కాళ్లు గజగజ వణికాయి. ఏమీ పట్టుకోలేదు, ఎవరినీ పట్టుకోలేదు. మెల్లగా నిటారుగా అయింది.

"గిట్ల" అంది ఆ పాపతో, ఆయాసపడుతూ. "మెల్లగ. నీకు గూడ ఒస్తది."

ఆ తల్లి ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూస్తోంది. సిస్టర్ మళ్లీ విసుక్కుంది. "అక్షర లేదా అమ్మా? ఇంకొకలను పిలువాల్నా?"

"ఉన్న! వస్తున్న!" అని అక్షరే అరిచి తలుపు దాకా పోయింది. పోయి, ఆగి, వెనక్కి తిరిగింది. మేం బెంచీ మీదే ఉన్నాం. లేవాలనే ఉంది, కానీ నాకూ నరేష్‌కూ కాళ్లు ఆడలేదు. వాడు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. నాకు ఎదురుగా ఉన్నదంతా మసకబారిపోయింది.

అది వెనక్కి వచ్చింది. నడుము మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని ఒకసారి చూసింది.

"ఏందే అమ్మా, అందరు చూస్తున్నరు. లెవ్వున్రి" అని, మా ఇద్దరి చేతులూ పట్టి గుంజింది.